వదిలి వెళ్ళే హక్కు ఒకరికేనా?

(ఒప్పంద పద్ధతిలో పనిచేసే స్త్రీల సమస్యలపై, తిరుపతిలో మహిళా కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల సిబ్బంది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పని హక్కు గురించి, సమాన వేతనం గురించి, పనిచోట వేధింపుల గురించి మనం ఎన్నో సమావేశాల్లో మాట్లాడుకున్నాం. పనిలో చేరడం గురించి మాట్లాడినంతగా పని మానేయడం గురించి మాట్లాడుకోలేదు. గిట్టుబాటు కాని పనిని, మర్యాద దక్కని పనిని, ఒంట్లో శక్తి లేక చేయలేని పనిని మధ్యలో వదిలిపెట్టే హక్కు స్త్రీకి ఉందా? ఉంటే, ఆమె సంతకం పెట్టిన కాగితం ఆ హక్కును ఎంతవరకు కట్టివేయగలదు? ఈ రెండు ప్రశ్నలకే ఇవాళ పరిమితమవుతాను.

నేను చెప్పేది ఎవరి గురించో ముందుగా స్పష్టం చేస్తాను. వీళ్ళను ఉద్యోగులు అనరు. వీళ్ళకిచ్చే డబ్బును జీతం అనరు. ఫీజు అంటారు, గౌరవ వేతనం అంటారు. తిరుపతి చదువుల ఊరు. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చాయి. ఇక్కడ చదువుకున్న స్త్రీలలో చాలామంది పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక ఇంటి నుంచి చేసుకోగల పని వెతుక్కుంటారు. అనువాదాలు చేస్తారు, ప్రూఫులు దిద్దుతారు, డీటీపీ చేస్తారు, సర్వేలకు వెళతారు, శిక్షణ తరగతులు తీసుకుంటారు, స్వచ్ఛంద సంస్థలకు నివేదికలు రాసిపెడతారు. వీళ్ళకు ఈమధ్య పెట్టిన పేరు ఫ్రీలాన్సర్లు, కన్సల్టెంట్లు. శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టకు రంగులద్దే స్త్రీని, మిషను మీద పీసు లెక్కన జాకెట్లు కుట్టే స్త్రీని ఆ పేరుతో ఎవరూ పిలవరు. కానీ చేసే పనికే డబ్బు, చేయకపోతే లేదు అన్న విషయంలో వీళ్ళందరిదీ ఒకే వరస.

కాగితంలో ఏముంటుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఏ ఒక్క సంస్థ పత్రమూ కాదు. ఇటువంటి పత్రాల్లో మామూలుగా కనిపించే షరతుల్ని ఒకచోట చేర్చాను.

ఒకామె ఒక సంస్థకు పదకొండు నెలలు అనువాద పని చేయడానికి ఒప్పుకుంది. నెలకు 18,000 రూపాయలు. ఒప్పంద పత్రం ఇంగ్లీషులో ఉంది. సంస్థ ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా, ఆ రోజుకారోజే ఒప్పందాన్ని ముగించవచ్చు. ఆమె మానుకోవాలంటే మాత్రం అరవై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే రెండు నెలల ఫీజు, అంటే 36,000 రూపాయలు, సంస్థకు కట్టాలి. అప్పటికి రావలసిన బిల్లులు కూడా పోతాయి. మానుకున్నాక రెండేళ్ళు ఇటువంటి పని మరే సంస్థకూ చేయకూడదు. తగాదా వస్తే సంస్థ డైరెక్టరు నియమించిన వ్యక్తే మధ్యవర్తి. కోర్టుకు వెళ్ళాలంటే ఢిల్లీ కోర్టులకే అధికారం.

ఏడు నెలలు గడిచాయి. రెండు నెలల బిల్లులు రాలేదు. ఇంట్లో అత్తగారు మంచాన పడ్డారు. ఆమె పని మానుకోవాలనుకుంది. ఇంట్లోవాళ్ళు, "ఇంట్లో కూర్చుని చేసే పనే కదా, మానెయ్యడానికేముంది?" అంటారు. సంస్థవాళ్ళు, "సంతకం పెట్టావు, మానడానికి వీల్లేదు" అంటారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆమె పనిని ఇంట్లో పనిగా లెక్కపెట్టరు. బయటవాళ్ళు ఆమెను స్వతంత్రురాలిగా లెక్కపెట్టరు. ఈ రెండు చిన్నచూపుల నడుమ ఆమె నలిగిపోతుంది.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. షరతులు ఎందుకిలా ఉన్నాయంటే, రాసింది వాళ్ళు గనక. ఈమె చేతికి పత్రం వచ్చేసరికి పని మొదలుపెట్టాల్సిన తేదీ వచ్చేసింది. మార్చమని అడిగితే "అందరికీ ఇదే పత్రం" అన్న జవాబు వస్తుంది. అది నిజమే కావచ్చు. అందరికీ ఒకే అన్యాయం చేస్తే అది న్యాయం అయిపోదు.

ఒక విచిత్రం చూడండి. 2019లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, అన్యాయమైన ఒప్పందం అంటే ఏమిటో నిర్వచించింది. సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకోగలగడం, జరిగిన తప్పుకు పొంతన లేని జరిమానా వేయడం, రెండూ అందులో ఉన్నాయి. అయితే ఆ రక్షణ కొనుక్కునేవారికే. అంటే మన స్త్రీ ఒక మిక్సీ కొన్నప్పుడు చట్టం ఆమెను ఏకపక్ష షరతుల నుంచి కాపాడుతుంది. తన శ్రమను అమ్ముకున్నప్పుడు అంత సూటిగా కాపాడే చట్టం లేదు. కొనే చేతికి ఉన్న విలువ పనిచేసే చేతికి లేదన్నమాట.

పని మానడం నేరమైన రోజులు

పని ఒప్పుకుని మానేస్తే జైలుకు పోతామన్న భయం ఊరికే పుట్టలేదు. బ్రిటిషు ప్రభుత్వం 1859లో పనివాళ్ళ ఒప్పంద ఉల్లంఘన చట్టం తెచ్చింది. అడ్వాన్సు తీసుకున్న పనివాడు పని వదిలేస్తే యజమాని మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు తిరిగి కట్టమనో, పనిలోకి వెళ్ళమనో మేజిస్ట్రేటు ఆదేశిస్తాడు. వినకపోతే మూడు నెలల దాకా కఠిన కారాగారం. యజమాని మాట తప్పితే మాత్రం జైలు లేదు. మొదట మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాలకు తెచ్చిన ఈ చట్టాన్ని తర్వాత ఇతర ప్రాంతాలకూ విస్తరించారు. 1925లో దాన్ని రద్దు చేశారు.

కనుక ఈ మాట మీమీ ఊళ్ళల్లో గట్టిగా చెప్పండి. ఇటువంటి పని ఒప్పందాన్ని మధ్యలో వదిలిపెట్టడం నేరం కాదు. అది సివిలు తగాదా మాత్రమే. "చీటింగు కేసు పెడతాం" అని బెదిరిస్తుంటారు. మోసం కేసు నిలవాలంటే ఒప్పుకున్న రోజునే మోసగించే ఉద్దేశం ఉండాలని సుప్రీంకోర్టు 2000 సంవత్సరంలో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో స్పష్టంగా చెప్పింది. ఏడు నెలలు పనిచేసి అందించిన మనిషికి ఆ ఉద్దేశం ఎక్కడుంటుంది?

చట్టం ఏం చెబుతోంది?

మొదటి సంగతి. మనిషి చేత బలవంతంగా పని చేయించమని ఏ కోర్టూ ఆదేశించదు. వ్యక్తి నైపుణ్యం మీద ఆధారపడిన ఒప్పందాన్ని కోర్టు అమలు చేయించరాదని 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. కోర్టు ఇప్పించగలిగింది నష్టపరిహారం మాత్రమే.

రెండవ సంగతి. ఆ పరిహారానికి కూడా హద్దు ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పినందువల్ల మామూలుగా కలిగే నష్టానికే పరిహారం. దూరపు నష్టాలకు లేదు. ఆ నష్టాన్ని తగ్గించుకునే మార్గాలు అవతలివారికి ఏమున్నాయో కూడా కోర్టు చూస్తుంది. 74వ సెక్షన్ ప్రకారం, పత్రంలో ఇంత కట్టాలని అంకె రాసుకున్నా ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. 1963లో ఫతే చంద్ కేసు నుంచి 2015లో కైలాష్‌నాథ్ కేసు దాకా సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను వివరిస్తూ వచ్చింది. నష్టమే లేనప్పుడు పరిహారం లేదన్నది 2015 తీర్పు సారాంశం.

మన ఉదాహరణకు దీన్ని అన్వయించి చూద్దాం. ఆమె పదిహేను రోజుల గడువిచ్చి మానుకుంది. ఒప్పందంలో ఇంకా నాలుగు నెలలు ఉన్నాయి. సంస్థ ఇంకో అనువాదకురాలిని నెలకు 20,000కు పెట్టుకుందనుకుందాం. నెలకు 2,000 చొప్పున నాలుగు నెలలకు 8,000. లెక్కకు నిలిచే నష్టం అదీ. అదే 18,000కు దొరికితే దాదాపు ఏమీ లేదు. రెండు నెలల పాత బిల్లులు 36,000 సంస్థ ఆమెకు బాకీ ఉంది. చేసిన పనికి డబ్బు ఎగవేయడానికి ఆ షరతు చాలదు. సంస్థ వాదన పూర్తిగా నెగ్గి 8,000 తగ్గించినా ఆమెకు ఇంకా 28,000 రావాలి. కాగితం చూస్తే ఆమె 36,000 కట్టాలి. లెక్క చూస్తే ఆమెకే 28,000 రావాలి. భయానికీ చట్టానికీ మధ్య ఉన్న దూరం ఇదే.

పైగా రెండు నెలలు డబ్బివ్వని సంస్థ తానే ముందు మాట తప్పింది. తాను చేయవలసినది చేయకుండా అవతలి పక్షాన్ని నిలదీయడం కుదరదని అదే చట్టం 54వ సెక్షన్ చెబుతోంది. అందుకే ఎందుకు మానుకుంటున్నామో, ఎన్ని బిల్లులు ఆగాయో తేదీలతో సహా రాసిపెట్టుకోవాలి.

మూడవ సంగతి, నోటీసు షరతు. ఇక్కడ 1986 నాటి ఒక సుప్రీంకోర్టు తీర్పు మనకు ముఖ్యం. సెంట్రల్ ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ తన ఉద్యోగి బ్రజోనాథ్ గంగూలీని మూడు నెలల నోటీసు నిబంధన కింద తొలగించింది. ఆ నిబంధన ప్రకారం ఇరుపక్షాలూ మూడు నెలల నోటీసుతో విడిపోవచ్చు. కాగితం మీద ఇద్దరూ సమానమే. కానీ సంస్థకు ఇంకో ఉద్యోగి దొరకడం, ఆ ఉద్యోగికి ఇంకో ఉద్యోగం దొరకడం ఒకటి కాదని కోర్టు గుర్తించింది. బేరమాడే శక్తి లేనివాడి మీద రుద్దిన అన్యాయమైన షరతు ప్రజా విధానానికి విరుద్ధమని, కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద చెల్లదని తీర్పు చెప్పింది. కాగితం మీద సమానంగా ఉన్న షరతే అలా పడిపోయింది. కాగితం మీద కూడా సమానం కాని షరతును నిలబెట్టడం ఇంకెంత కష్టం?

అయితే మనం మనల్ని మభ్యపెట్టుకోకూడదు. ఆ కేసులో ఎదుటి పక్షం ప్రభుత్వ సంస్థ. ప్రైవేటు సంస్థ రాసిన షరతు ఏకపక్షంగా ఉన్నంత మాత్రాన దానంతటదే చెల్లకుండా పోదు. బేరం లేని పరిస్థితిలో సంతకం పెట్టించుకున్నారని మనం రుజువు చేయాలి. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్ళ లోపు ఉద్యోగం మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న బాండును సమర్థించింది. మళ్ళీ నియామకం జరపడానికి ప్రభుత్వ రంగ బ్యాంకుకు అయ్యే ఖర్చును అందుకు కారణంగా చూపింది. మన అనువాదకురాలి పరిస్థితి వేరు. ఆమెకు ఉద్యోగ భద్రతా లేదు, ఆమె నియామకానికి పెద్ద ఖర్చూ కాలేదు. కానీ "సంతకం పెట్టినా ఏమీ కాదు" అని ఎవరికీ సలహా ఇవ్వకండి. పోరాడదగిన షరతు వేరు, లేని షరతు వేరు.

నాలుగవ సంగతి, మిగతా షరతులు. ఒప్పందం ముగిశాక ఇటువంటి పని ఇంకెక్కడా చేయకూడదన్న నిషేధం 27వ సెక్షన్ కింద చెల్లదు. 1980లో సూపరింటెండెన్స్ కంపెనీ కేసు తర్వాత ఇందులో సందేహం లేదు. ఒప్పందం నడుస్తున్న రోజుల్లో పెట్టే నిషేధం మాత్రం చెల్లవచ్చు. తన డైరెక్టరే మధ్యవర్తిని నియమించే ఏర్పాటు చెల్లదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ తీర్పు తేల్చింది. ఢిల్లీ కోర్టులకే అధికారం అన్న షరతు, ఆ వ్యవహారంలో కొంతైనా ఢిల్లీలో జరిగి ఉంటేనే నిలుస్తుంది. ఏ సంబంధమూ లేని ఊరి కోర్టుకు కాగితం రాసి అధికారం ఇవ్వలేరు. అనువాదం వంటి రచన విషయంలో ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. ఉద్యోగి కాని మనిషి రాసినదానిపై కాపీహక్కు, ఆమె రాతపూర్వకంగా బదిలీ చేసేదాకా ఆమెదే. పత్రంలో ఆ బదిలీ ఉందా, డబ్బు చెల్లించాకేనా అన్నది చదివి చూసుకోవాలి.

పేరుకే స్వతంత్రం

ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. ఈమె నిజంగా స్వతంత్రంగా పనిచేస్తోందా, లేక పేరు మార్చిన ఉద్యోగా? రోజూ పది గంటలకు ఆఫీసుకు రమ్మంటే, సెలవుకు అనుమతి అడగమంటే, ఎలా చేయాలో కూడా వాళ్ళే చెబుతుంటే, అప్పుడు కన్సల్టెంటు అన్న పేరు ఒక ముసుగు.

దీనికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన కేసే ఆధారం. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్‌లో దర్జీలు పీసు లెక్కన కుట్టేవారు. రోజూ రావాలన్న నియమం లేదు. కొందరు బట్ట ఇంటికి తీసుకెళ్ళి కుట్టేవారు. వీళ్ళు మా ఉద్యోగులు కారని యజమానులు వాదించారు. కుట్టుమిషన్లు యజమానివని, బాగాలేకపోతే తిప్పి కుట్టమనే అధికారం యజమానిదని గమనించి, వాళ్ళు తెలంగాణ ప్రాంతపు దుకాణాల చట్టం కింద ఉద్యోగులేనని సుప్రీంకోర్టు 1973లో తీర్పునిచ్చింది. కాగితం మీద రాసిన పేరు కంటే పని మీద ఎవరి అదుపు ఉందన్నదే ముఖ్యం. ఉద్యోగి అని తేలితే మాట్లాడాల్సిన చోటు కార్మిక శాఖ.

ఉద్యోగి కాకపోయినా పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం వర్తిస్తుంది. తాత్కాలికంగా, ఒప్పందం మీద, చివరికి స్వచ్ఛందంగా పనిచేసే స్త్రీ కూడా దాని పరిధిలో ఉంది. వేధింపు వల్లనే పని మానుకుంటున్న స్త్రీ ఆ మాట రాజీనామా లేఖలో దాచి, "వ్యక్తిగత కారణాల వల్ల" అని రాస్తే, తర్వాత ఆ మాటే ఆమెకు అడ్డొస్తుంది. ఫిర్యాదుకు మామూలుగా గడువు మూడు నెలలు. పది మందిలోపు పనిచేసే చోటైతే జిల్లాలోని స్థానిక కమిటీకి ఇవ్వాలి.

ఎలా బయటపడాలి?

మన దగ్గరికి సలహాకు వచ్చే స్త్రీకి వరుసగా ఈ పనులు చెప్పండి.

మొదట పత్రం మొత్తం చదివించుకోవాలి. ఆమెకు అర్థమయ్యే తెలుగులో షరతు షరతుగా రాసి ఇవ్వండి. రెండవది, సగంలో వదిలి మాయం కాకూడదు. ఫోను తీయకపోవడం, ఉత్తరాలకు జవాబివ్వకపోవడం అవతలివాళ్ళకే లాభం. మూడవది, చేసిన పని జాబితా, పంపిన తేదీలు, అందినట్టు వచ్చిన జవాబులు, ఆగిపోయిన బిల్లులు ఒకచోట చేర్చాలి. నాలుగవది, సంస్థ ఇచ్చిన కంప్యూటరు, గుర్తింపు కార్డు, దస్త్రాలు అప్పగించి రసీదు తీసుకోవాలి. బాధిత స్త్రీల వివరాలు తన దగ్గర ఉంటే వాటి గోప్యత పని మానుకున్న తర్వాత కూడా కాపాడాలి. అది షరతు కాకపోయినా మన ధర్మం. ఐదవది, లేఖ రాయాలి. ఈ-మెయిలుతో పాటు స్పీడ్ పోస్టులో పంపాలి.

లేఖ ఈ తీరుగా ఉండవచ్చు:

"ఫలానా తేదీన మన మధ్య కుదిరిన ఒప్పందం నుంచి ఫలానా తేదీతో వైదొలగుతున్నాను. నోటీసు లేకుండా ముగించే వీలు మీకుంది. నాకు అరవై రోజుల షరతు ఉంది. ఈ తేడా సమంజసం కాదని నా అభిప్రాయం. అయినా పని దెబ్బతినకూడదని పదిహేను రోజుల గడువు ఇస్తున్నాను. పూర్తి చేసి అందజేసిన పని జాబితా జతచేశాను. అందుకు నాకు రావలసిన సొమ్ము 36,000 రూపాయలు. దయచేసి ముప్పై రోజుల్లోగా చెల్లించగలరు. నా వల్ల మీకు నష్టం కలిగిందనుకుంటే ఆ లెక్కలు రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఇందులో కోపం లేదు, బతిమాలుకోవడమూ లేదు. చివరి వాక్యం ముఖ్యమైనది. నష్టం ఎంతో చూపించే బాధ్యత అడిగేవారి మీద పెడుతుంది. అంతకంటే ముందు మాట్లాడి పరస్పర అంగీకారంతో ముగించుకోగలిగితే అన్నిటికన్నా మేలు. అలా కుదిరితే, ఇరువైపులా ఇక బాకీలు లేవని ఒక కాగితం రాయించుకోవాలి. బాకీలు రాకముందే ఆ కాగితం మీద సంతకం పెట్టకూడదు.

డబ్బు రాకపోతే? చేసిన పనికి డబ్బు కోసం మూడేళ్ళలోగా దావా వేయవచ్చు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. చిత్తూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ, తిరుపతిలో మండల న్యాయ సేవా కమిటీ ఉన్నాయి. ఫోను నంబరు 15100. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో పరిష్కరించుకునే వీలుంది. నిరంతరం ఈ పని మీదే బతికే స్త్రీలు చిన్న పరిశ్రమల చట్టం కింద ఉద్యం నమోదు చేయించుకోవడం మంచిది. సేవలు అందించేవారికీ అది వర్తిస్తుంది. నలభై ఐదు రోజులు దాటి బాకీ పెడితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ అడగవచ్చు. అయితే పని ఒప్పుకోకముందే నమోదు కావాలి.

ఇక బెదిరింపుల సంగతి. ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ చేసి సంపాదించండి అని ప్రకటనలిస్తారు. ఫోనులోనే ఒప్పందం మీద సంతకం పెట్టిస్తారు. ఎంత బాగా చేసినా తప్పులున్నాయంటారు. మానుకుంటామంటే, ఒప్పందం తప్పారు, ఇన్ని వేలు కట్టండి, లేకపోతే కోర్టు నోటీసు, పోలీసు కేసు అంటూ లాయర్ల పేరుతో బెదిరిస్తారు. ఇది దేశమంతటా నడుస్తున్న మోసం. నిజమైన కోర్టు సమను వాట్సాప్‌లో డబ్బు పంపమని అడగదు. అటువంటివాళ్ళకు ఒక్క రూపాయి కట్టకుండా, వచ్చిన సందేశాలు చెరిపేయకుండా 1930 నంబరుకు ఫిర్యాదు చేయించండి. సిగ్గుపడి ఇంట్లో చెప్పకుండా డబ్బు కట్టే ఆడపిల్లల మీదే ఈ మోసం బతుకుతోంది.

అప్పు, కట్టుబాటు

వదిలి వెళ్ళలేకపోవడం అన్నది ఎంత దూరం పోతుందో మన ప్రాంతానికి కొత్తగా చెప్పక్కర్లేదు. అడ్వాన్సు తీసుకున్నందుకు ఇటుక బట్టీలలో, తోటలలో కుటుంబాలకు కుటుంబాలే కట్టుబడిపోయిన యానాదుల కథలు మనకు తెలుసు. అడ్వాన్సుకు బదులుగా వేరేచోట పనిచేసుకునే స్వేచ్ఛను కోల్పోతే అది వెట్టి అని 1976 నాటి చట్టం చెబుతోంది. బలవంతం అంటే కర్రతో కొట్టడమే కాదు, ఆకలి వల్ల ఇంకో దారి లేకపోవడం కూడా బలవంతమేనని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు అంది. అనువాదకురాలి కష్టాన్ని వెట్టివాళ్ళ కష్టంతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. అలా అంటే వెట్టిని చిన్నది చేసినట్టవుతుంది. కానీ రెండింట్లోనూ మూలసూత్రం ఒకటే. వదిలి వెళ్ళే దారి ఉన్నప్పుడే పనిచోట మనిషికి గొంతు ఉంటుంది. దారి మూసేశాక కూలి తగ్గించినా, పని పెంచినా, మాట తూలినా ఓర్చుకోవాల్సిందే.

మన ఇల్లు మనం చక్కదిద్దుకోవాలి

చివరిగా కాస్త చేదుగా ఉన్నా ఒక మాట చెప్పాలి. ఇక్కడున్నవాళ్ళలో చాలామంది స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్నారు. కొందరు నడుపుతున్నారు. ఇందాక నేను చెప్పిన పత్రం వంటిది మన సంస్థల బీరువాల్లో లేదా? నిధులిచ్చేవాళ్ళు ఎప్పుడు ప్రాజెక్టు ఆపుతారో తెలియదు గనక మేమూ అలా రాసుకోవాల్సి వస్తోందని మనవాళ్ళు అంటారు. ఆ ఇబ్బంది నిజమే. కానీ పైనుంచి వచ్చిన అభద్రతను కిందనున్న స్త్రీ మీదికి దించేసి, ఆమె మానుకుంటే జరిమానా అనడం ఏ హక్కుల భాష? స్త్రీల హక్కుల మీద నివేదిక రాసిపెట్టిన స్త్రీకే హక్కు లేకపోతే ఆ నివేదికకు విలువేముంది?

మన పత్రాల్లో ఏడు మార్పులు చేసుకోవచ్చు. నోటీసు గడువు ఇరువైపులా ఒకటే ఉండాలి. ముగించే పక్షం కారణం రాయాలి. ఎవరు ముగించినా పూర్తయిన పనికి ముప్పై రోజుల్లో డబ్బివ్వాలి. జరిమానా షరతు తీసేయాలి. పత్రం తెలుగులో కూడా ఇచ్చి, చదువుకోవడానికి కనీసం వారం గడువివ్వాలి. అనారోగ్యం, కాన్పు, వేధింపు కారణమైతే నోటీసు అడగకూడదు. నిధులు ఆగిపోతే ఏం చేస్తామో కూడా ముందే రాసి చెప్పాలి. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఒక తీర్మానం చాలు.

చట్టం కోసమూ అడగాలి. ఇంటి నుంచి పనిచేసేవారి గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడికను భారతదేశం ఇప్పటికీ ఆమోదించలేదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికులను గుర్తించింది గానీ, వాళ్ళ ఒప్పందాల్లోని ఏకపక్ష నోటీసు షరతుల జోలికి పోలేదు. పక్కనున్న కర్ణాటక 2025లో చేసిన చట్టం మాత్రం, యాప్‌ల ద్వారా పనిచేసే గిగ్ కార్మికులను తొలగించేముందు కారణం రాసి పద్నాలుగు రోజుల నోటీసు ఇవ్వాలంటోంది. న్యూయార్క్ నగరంలో 2017 నుంచి, ఆ రాష్ట్రమంతటా 2024 నుంచి, 800 డాలర్లు, అంతకు మించిన ఫ్రీలాన్సు పనికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. తేదీ రాసుకోకపోతే పని పూర్తయిన ముప్పై రోజుల్లో డబ్బివ్వాలి. చిత్తూరు నుంచి నాలుగడుగులు వేస్తే కర్ణాటక. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు సాధ్యం కాదు? యాప్ కార్మికులకు అడిగినదే ఇంటి నుంచి పనిచేసే స్త్రీలందరికీ ఎందుకు అడగకూడదు?

మీరు మీ మండలాలకు తిరిగి వెళ్ళాక ఒక పని చేయమని కోరుతున్నాను. మీకు తెలిసిన స్త్రీలు సంతకం పెట్టిన ఒప్పంద పత్రాలు, పేర్లు తీసేసి, సేకరించండి. వాటిలో నోటీసు షరతు ఎవరికెంత అన్నది ఒక పట్టీగా రాయండి. మూడు నెలల తర్వాత మళ్ళీ కలిసినప్పుడు ఆ పట్టీ ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. అందులో మన సంస్థల పత్రాలు ఉంటే వాటిని ముందుగా మార్చి రండి.